చామంతి వచ్చింది, మల్లె వెళ్లింది

కార్తీకమాసం, మంచు ఇంకా విడవని పొద్దు. హిమాయత్ సాగర్ నీళ్ల మీద తెల్లటి ఆవిరి పలచగా పరుచుకుని ఉంది. శంషాబాద్‌లో దిగబోతున్న విమానం ఒకటి చక్రాలు బయటపెట్టి తల మీదుగా పోయింది. చెరువుకు ఎగువన అరెకరం చామంతి తోటలో ముగ్గురు ఆడవాళ్లు కొంగు ఒడికట్టుకుని పూలు తెంపుతున్నారు. తెంపిన పువ్వు వాడకముందే గుడిమల్కాపూర్ మార్కెట్ చేరాలి, లేకపోతే ధర ఉండదు. రెండు కిలోలు నాకు ఇవ్వమని అడిగాను. ఎందుకని రైతు అడిగితే, ఎండబెట్టి నీళ్లలో వేసుకుని తాగడానికి అన్నాను. ఆయన చేతిలో ఉన్న బుట్ట కింద పెట్టాడు.

"తాగనీకా? వద్దు సారూ. ఇవి దేవునికి. మందు కొట్టిన పూలు ఇవి, కడుపులకు పోయేటివి కావు."

ఆ ఒక్క మాట వల్లే ఈ అధ్యాయం రాస్తున్నాను. పూల టీల గురించి నేను చదివిన పుస్తకాలు పువ్వు గుణాలు చెప్పాయి, కలపాల్సిన పాళ్లు చెప్పాయి, ఏ పువ్వు ఏ అవయవానికి మంచిదో చెప్పాయి. పువ్వును ఎవరి కోసం పెంచారు అనే ప్రశ్న మొట్టమొదట వేసింది మాత్రం ఈ రైతే.

సరిగ్గా అవే వారాల్లో చైనాలోని జెజియాంగ్ రాష్ట్రం, తోంగ్‌షియాంగ్ ప్రాంతంలోనూ చామంతి కోత సాగుతుంది. అక్కడా చలి మొదలవుతుంది, అక్కడా ఆడవాళ్లే ఎక్కువగా కోస్తారు. అక్కడి తెల్ల చామంతికి హాంగ్‌జౌ నగరం పేరు కలిసొచ్చింది. బుట్ట నిండాక దారులు వేరవుతాయి. మన పువ్వు దారానికి ఎక్కుతుంది. వాళ్ల పువ్వు ఆవిరి పళ్లేల్లోకి వెళ్లి, ఎండి, కప్పులోకి దిగుతుంది.

ఇద్దరి చేతుల్లోనూ ఉన్నది ఒకే జాతి మొక్క. 1753లో లినేయస్ ఒక చామంతికి శాస్త్రీయ నామం పెడుతూ క్రిసాంథిమమ్ ఇండికమ్ అన్నాడు. పేరులో ఇండియా ఉంది కానీ ఆ మొక్క పుట్టిల్లు తూర్పు ఆసియా. ఇప్పుడు మన తోటల్లో ఉన్న నిండు రెక్కల చామంతులన్నీ చైనాలో శతాబ్దాలపాటు అడవి చామంతులను కలిపి కలిపి సాధించిన సంకరాల సంతానమే. అంటే బతుకమ్మలో తంగేడు, గునుగుల పక్కన కూర్చునే చామంతి మన ఊరికి వచ్చిన కోడలు.

ఎదురు ప్రయాణం చేసిన పువ్వు మల్లె. చైనా భాషలో మల్లెను మోలీ అంటారు. ఆ మాట సంస్కృత మల్లిక నుంచి వచ్చిందని భాషావేత్తలు చెబుతారు. మన మల్లెకూ ఆ మోలీకీ ఒకే చుట్టరికం. దక్షిణాసియా నుంచి వెళ్లిన ఆ మొక్కను వాళ్లు తేయాకు పక్కన నాటారు. సుంగ్ రాజుల కాలం నాటికి ఆకుకు మల్లె వాసన పట్టించడం నేర్చుకున్నారు. ఫుజౌ నగరపు మల్లె, తేయాకు సాగు పద్ధతిని 2014లో ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ ప్రపంచ వ్యవసాయ వారసత్వంగా గుర్తించింది. మనం జడలో ముడుచుకున్న పువ్వును వాళ్లు టీలో పెట్టారు, వాళ్లు టీలో పెట్టిన పువ్వును మనం దేవుడి మెడలో వేశాం. ఇందులో ఎవరిదీ తప్పు లేదు. ఒక పువ్వు ఏ ఊళ్లో ఏ పని చేయాలో ఆ ఊరి మనుషులు తేల్చుకుంటారు.

పండుగల్లో కూడా ఈ బంధుత్వం బయటపడుతుంది. చైనా పంచాంగంలో తొమ్మిదో నెల తొమ్మిదో రోజు చొంగ్‌యాంగ్ పండుగ. ఆ రోజు చామంతులు చూడాలి, చామంతి వేసిన పానీయం తాగాలి. చాంద్రమానం వాళ్లకూ మనకూ ఒకే చంద్రుడిది కాబట్టి, అధిక మాసం అడ్డం పడని చాలా ఏళ్లలో అది మన ఆశ్వయుజ శుద్ధ నవమితో కలుస్తుంది. 2024లో అక్టోబరు 10న ఇక్కడ సద్దుల బతుకమ్మ ఆడారు, మర్నాడు 11న అక్కడ చొంగ్‌యాంగ్. రెండు పండుగలకు ఒకే పువ్వు అందడానికి కారణం చామంతి లోపలి గడియారం. రాత్రి నిడివి పెరిగితేనే ఇది మొగ్గ తొడుగుతుంది. పగటి వేడి కన్నా చీకటి గంటలు దానికి ముఖ్యం. అందుకే పూత వాయిదా వేయాలనుకున్న పాలీహౌస్ రైతులు రాత్రిపూట తోటలో బల్బులు వెలిగిస్తారు.

ఇక చలవ సంగతి. పూల టీని చైనా ఆహార వైద్యం ఎలా చూస్తుందో తెలుగువాళ్లకు చెప్పడం చాలా తేలిక, ఎందుకంటే సగం మనకు ముందే తెలుసు. వాళ్ల లెక్కలో ప్రతి తిండికీ ఒక స్వభావం ఉంటుంది: శీతలం, చలవ, సమం, వెచ్చన, వేడి. నోట్లో పుండ్లు, కళ్ల మంట, గొంతు ఎండటం, నిద్ర పట్టక చిరాకు ఇవన్నీ కలిపి షాంగ్‌హువో అంటారు. మాటకు మాట చెప్పాలంటే నిప్పు పైకెక్కింది. మన ఇళ్లలో దాన్నే ఒంట్లో వేడి చేసింది అంటాం. మనం మజ్జిగ, సబ్జా నీళ్లు, బార్లీ ఇస్తాం. గ్వాంగ్‌డాంగ్‌లో లియాంగ్‌చా ఇస్తారు. లియాంగ్ అంటే చలవ, చా అంటే టీ. మన చాయ్ కూడా ఆ చా కూతురే. చామంతి సహా చేదు మూలికలు మరిగించిన ఆ చలవ టీని చైనా 2006లో తన జాతీయ వారసత్వ జాబితాలో చేర్చుకుంది.

వేడి, చలవ అనేవి థర్మామీటరుకు అందేవి కావు. వేడి చేసిందన్న మనిషికి జ్వరం ఉండకపోవచ్చు. అయినా ఇవి అర్థం లేని మాటలని నేను అనుకోను. ఒంట్లో కలిగిన అసౌకర్యాలను గుంపులుగా విడదీసి, ఏ గుంపుకు ఏ తిండి ఊరట ఇచ్చిందో తరతరాలుగా గుర్తుపెట్టుకోవడానికి పెట్టుకున్న పేర్లివి. వర్గీకరణగా ఇవి పనికొస్తాయి. కారణం చెప్పడానికి మాత్రం చాలవు. ఆ గీత ఎక్కడుందో తెలిస్తే పాతదాన్ని ఎగతాళి చేయాల్సిన పని లేదు, గుడ్డిగా నమ్మాల్సిన పనీ లేదు.

ఏడో శతాబ్దపు చైనా వైద్యుడు సున్ సిమియావ్ తన వైద్య గ్రంథంలో ఆహారంతో చికిత్సకు ప్రత్యేకంగా ఒక భాగం కేటాయించాడు. ముందు తిండితో సరిచేయి, దానితో కుదరకపోతేనే మందు జోలికి పో అన్నది ఆయన సలహా సారాంశం. ఈ ఆలోచన ఇప్పుడు అక్కడ ప్రభుత్వ నియమంగా ఉంది. 2002లో చైనా ఆరోగ్యశాఖ ఆహారమూ ఔషధమూ రెండూ అయిన 87 పదార్థాల జాబితా ప్రకటించింది. చామంతి, ఖర్జూరంలా కనిపించే ఎర్ర రేగు, గోజీ పండు, తామర గింజ, లాంగన్ పండు, ఎండిన కమలా తొక్క, అతిమధురం అందులో ఉన్నాయి. మన వంటింట్లోనో, వీధి చివర మూలికల కొట్లోనో ఇందులో సగానికి చుట్టాలు దొరుకుతాయి.

దొరుకుతాయని ఊరికే అనడం లేదు. చార్మినార్ దగ్గర నిజామియా యునానీ ఆసుపత్రి ఉంది. ఆ చుట్టుపక్కల మూలికల దుకాణాల్లో చలికాలంలో జోషాందా పొట్లం అడగండి. కాగితం విప్పితే ఎండిన ఊదారంగు బనఫ్షా పూలు, గావ్‌జబాన్ ఆకులు, అతిమధురం ముక్కలు, జిగురు నక్కెర కాయలు, ముడతలుపడ్డ ఎర్రటి ఉన్నాబ్ పండ్లు కనిపిస్తాయి. ఆ ఉన్నాబ్ చైనావాళ్ల ఎర్ర రేగే, వృక్షశాస్త్రంలో జిజిఫస్ జుజుబా. జలుబుకు, దగ్గుకు హైదరాబాద్ తరతరాలుగా తాగుతున్నది పూలూ పండ్లూ కలిపిన టీనే. పేరు మాత్రం టీ కాదు. గుండెదడకు, బెంగకు హకీములు ఇచ్చే ఖమీరా గావ్‌జబాన్‌లోనూ ఇదే కుటుంబపు సరుకు. గ్రీకుల నుంచి అరబ్బుల మీదుగా వచ్చిన యునానీలో కూడా గర్మ్, సర్ద్ అనే విభజనే ఉంది. మూడు నాగరికతలు మూడు దారుల్లో వచ్చి ఒకే పండును నీళ్లలో వేశాయి.

మన రేగు వేరే జాతి, జిజిఫస్ మారిషియానా. భోగిపళ్లుగా పిల్లల తల మీద పోసేది, బెల్లం, మిరపకాయ దంచి రేగు వడియాలు పెట్టేది అదే. చైనా రేగుకు చలికాలం కావాలి, మన రేగుకు దక్కను రాళ్లు చాలు. రెండూ అక్కాచెల్లెళ్లు కానీ ఒకదాని మీద జరిగిన పరిశోధనను రెండోదానికి అంటగట్టకూడదు.

ఇలాంటి పొరపాటు ఒకటి మన పత్రికల్లో ఏళ్లుగా నడుస్తోంది. చామంతి టీ తాగితే నిద్ర పడుతుంది అని తెలుగులో వచ్చే చాలా వ్యాసాలు చామంతి గురించినవి కావు, కామోమైల్ గురించినవి. కామోమైల్ ఐరోపా మొక్క, చిన్న తెల్ల రెక్కలు, మధ్యలో ఉబ్బిన పసుపు బొడిపె, ఆపిల్ లాంటి వాసన. రెండూ పొద్దుతిరుగుడు కుటుంబమే. అయినా కామోమైల్ మీద జరిగిన పరీక్షలను చామంతి ఖాతాలో వేయడం తప్పు. 1995లో ఒక పరిశోధక బృందం కామోమైల్‌లోని ఎపిజెనిన్ అనే పదార్థం మెదడులో నిద్రమాత్రలు పట్టుకునే చోటునే పట్టుకుంటుందని ఎలుకల్లో చూపింది. 2009లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంవాళ్లు ఆందోళన జబ్బుతో ఉన్న 57 మందిని రెండు గుంపులు చేసి, 8 వారాలపాటు ఒక గుంపుకు కామోమైల్ సారం, రెండో గుంపుకు ఉత్తుత్తి మాత్రలు ఇచ్చి పోల్చి, కొంత మేలు ఉందన్నారు. వాళ్లు ఇచ్చింది సారాన్ని కొలిచి నింపిన గుళికలు. కప్పులో నానబెట్టిన పువ్వు కాదు.

మరి మన చామంతిలో ఏముంది? లుటియోలిన్, ఎపిజెనిన్, అకాసెటిన్ అనే పసుపు వర్ణకాలున్నాయి. కాఫీ గింజలో కూడా ఉండే క్లోరోజెనిక్ ఆమ్లం ఉంది. కర్పూరాన్ని తలపించే సుగంధ తైలం ఉంది. ఈ పసుపు వర్ణకాలు ఒంటరిగా ఉంటే నీళ్లలో సరిగా కరగవు. పువ్వులో ఇవి చక్కెర అణువును చంకనేసుకుని ఉంటాయి. ఆ చక్కెర నీళ్లను ఇష్టపడుతుంది కాబట్టి దాని వెంట ఇవీ కప్పులోకి దిగుతాయి. సుగంధ తైలం సంగతి దీనికి సరిగ్గా వ్యతిరేకం. అది నీళ్లలో నిలవదు, ఆవిరితో ఎగిరిపోతుంది. చైనావాళ్లు మూత ఉన్న గిన్నెలో పువ్వు నానబెట్టడానికి కారణం ఇక్కడుంది. మూత తీయగానే లోపలి వైపు పట్టిన చెమట బిందువులను వాసన చూడండి, తైలం అక్కడ ఉంటుంది.

మనసు నెమ్మదించడం అన్నది ఎక్కడి నుంచి వస్తుందని నన్ను అడిగితే, మూడు చోట్ల నుంచి అంటాను. మూడూ సమానం కావు.

అన్నిటికన్నా పెద్దది, అందరూ మరిచేది: ఆ కప్పులో లేనిది. హైదరాబాదీ సాయంత్రం ఐదింటికో ఆరింటికో ఇరానీ చాయ్ తాగుతాడు. టీలోని కెఫీన్‌లో సగం ఒంటి నుంచి పోవడానికి పెద్దవాళ్లలో సుమారు 5 గంటలు పడుతుంది. రాత్రి పదకొండుకు పడుకునేసరికి సగం కెఫీన్ నెత్తురులో తిరుగుతూనే ఉంటుంది. ఆ చాయ్ స్థానంలో చామంతి నీళ్లు తాగిన మనిషికి నిద్ర బాగా పట్టిందంటే, ఘనత చామంతికి ఎంత, మానేసిన చాయ్‌కి ఎంత అన్నది వేరుచేయడం కష్టం. మల్లె టీ విషయంలో ఇది మరీ ముఖ్యం. అంగడిలో దొరికే మల్లె టీ అంటే మల్లె వాసన పట్టించిన తేయాకు. అందులో కెఫీన్ ఉంటుంది. నిద్ర కోసం రాత్రి మల్లె టీ తాగేవాళ్లను చూసినప్పుడల్లా నాకు బాధ వేస్తుంది.

రెండోది వాసన. 2005లో జపాన్ పరిశోధకులు మల్లె టీని తాగించకుండా వాసన మాత్రమే చూపించి 24 మంది గుండె లయను కొలిచారు. చాలా పలచని వాసనకే గుండె వేగం తగ్గింది, మనసు కుదుటపడిందని వాళ్లు చెప్పారు. కారణం లినాలూల్ అనే సుగంధ అణువు అని తేల్చారు. ముక్కు లోపలి నాడులు మెదడులో భావోద్వేగాల కేంద్రాలకు దగ్గరి దారిలో చేరతాయి. ఎండాకాలం సాయంత్రం మల్లెమూర కొని జడలో పెట్టుకున్న మనిషి ముఖంలో వచ్చే నెమ్మది మనందరికీ తెలిసిందే. ఆ లెక్కన మన వాళ్లు మల్లెను తాగకుండానే వాడుకున్నారు.

మల్లె వాసన పట్టించడం గొప్ప విద్య, రెండు మాటలు చెప్పకుండా పోలేను. మల్లె మొగ్గను మధ్యాహ్నం కోస్తారు. అది కోసిన తర్వాత కూడా బతికే ఉంటుంది. రాత్రి చల్లబడ్డాక విచ్చుకుంటూ వాసన వదులుతుంది. ఆ గంటల్లోనే మొగ్గలను ఎండిన తేయాకుతో కలిపి కుప్ప పోస్తారు. ఎండిన ఆకు తేమనూ వాసననూ పీల్చుకుంటుంది. తెల్లారి వాడిన పూలను ఏరేసి, ఆకును మళ్లీ ఆరబెట్టి, మర్నాడు కొత్త మొగ్గలతో మళ్లీ అదే పని. మేలురకానికి ఇలా ఎన్నో రాత్రులు. చామంతికి ఈ పద్ధతి నప్పదు, ఎందుకంటే చామంతి గుణం రెక్కలో దాగి ఉంటుంది, గాలిలోకి రాదు.

మూడోది మందు గుణం. ఇక్కడ చామంతి కన్నా రేగు కుటుంబానికి బలమైన చరిత్ర ఉంది. హాన్ రాజుల చివరి కాలపు వైద్యుడు జాంగ్ జోంగ్‌జింగ్ పేరు మీద ఉన్న గ్రంథంలో రెండు కషాయాలున్నాయి. ఒకటి పుల్లరేగు గింజలతో, అలసిపోయినా నిద్రపట్టని మనిషికి. గింజను వేయించి పగలగొట్టి మరిగిస్తారు. ఆ గింజల్లోని స్పినోసిన్, జుజుబోసైడ్ అనే పదార్థాలు ఎలుకల నిద్ర నిడివిని పెంచుతాయని ప్రయోగశాలల్లో పదేపదే తేలింది. మనుషుల మీద జరిగిన పరీక్షలు చిన్నవి. రెండోది ఊరికూరికే ఏడుపు వచ్చే, కుదురు లేని మనిషికి: గోధుమలు, అతిమధురం, పది ఎర్ర రేగుపండ్లు. మూడే దినుసులు, మూడూ తియ్యనివి. పద్దెనిమిది వందల ఏళ్ల కిందటి మనిషి దుఃఖానికి ఒక తియ్యటి గంజి రాసిచ్చాడు. ఈ కషాయం చదివినప్పుడు నాకు బాలింతలకు, బెంగపెట్టుకున్న పిల్లలకు మన ముసలమ్మలు పెట్టే తియ్యటి తిండి గుర్తొచ్చింది.

దీనికి ఒక హెచ్చరిక ఇక్కడే చెప్పాలి. అతిమధురంలోని గ్లిసిరైజిన్ ఒంట్లో ఉప్పును నిలిపి పొటాషియంను బయటికి పంపుతుంది. రోజూ తాగితే బీపీ పెరుగుతుంది. బీపీ మాత్రలు వేసుకునేవాళ్లు అది మూలికే కదా అని రోజూ తాగకూడదు. గోజీ పండుదీ ఇలాంటి కథే. రక్తం పలచబడటానికి వార్ఫరిన్ వాడేవాళ్లలో గోజీ టీ తాగాక రక్తస్రావం ముప్పు పెరిగిన సందర్భాలను వైద్యులు నమోదు చేశారు.

మళ్లీ తోటకు వద్దాం. రైతు నాకు పూలు అమ్మలేదు, కానీ తాను ఏం కొడతాడో చూపించాడు. చామంతి లేత కొమ్మను పేనుబంక పట్టుకుంటుంది, పువ్వులో తామర పురుగు చేరి రెక్కలు గోధుమరంగుకు తిప్పుతుంది. దండకు మచ్చలేని పువ్వు కావాలి. కాబట్టి కోత ముందు రోజుల్లో కూడా మందు పడుతుంది. కూరగాయ మీద మందు కొడితే ఇన్ని రోజులు ఆగి కోయాలని ఒక లెక్క ఉంటుంది. తినే పదార్థంలో మందు అవశేషం ఇంతకు మించకూడదని చట్టం ఉంది. దండలోకి పోయే పువ్వు తినే పదార్థం కాదు, దానికి ఆ కొలత ఎవరూ వేయరు.

కడిగితే పోదా అని చాలామంది అడుగుతారు. పైన పడిన దుమ్ము పోతుంది. ఇమిడాక్లోప్రిడ్ లాంటి మందులు మొక్క నాళాల్లోకి ఎక్కుతాయి, రెక్క లోపల ఉంటాయి. పైగా అవి నీళ్లలో కరుగుతాయి. లీటరు నీటిలో అర గ్రాముకు పైగా ఇమిడాక్లోప్రిడ్ కరుగుతుంది. చల్లటి నీళ్లలో రెండు నిమిషాలు కడిగితే లోపలిది బయటికి రాదు. వేడినీళ్లలో ఐదు నిమిషాలు నానబెడితే వస్తుంది. మనం టీ కాయడం అంటే చేసేది అదే కదా. పసుపు వర్ణకాన్ని కప్పులోకి రాబట్టిన రసాయనశాస్త్రమే మందునూ రాబట్టి ఇస్తుంది.

అలాంటప్పుడు ఆ మందు పోయేది కప్పులోకి మాత్రమే కాదు, తోట దిగువన ఉన్న చెరువులోకి కూడా. 1908 సెప్టెంబరులో మూసీ నది హైదరాబాద్ మీద పడి వేలమందిని పొట్టన పెట్టుకున్నాక, ఎగువన నీటిని ఆపడానికి రెండు జలాశయాలు కట్టారు. మూసీ మీద ఉస్మాన్ సాగర్, దాని ఉపనది ఈసీ మీద హిమాయత్ సాగర్. రెండోది 1927కు పూర్తయింది. వరద ఆపడానికి కట్టినవి నగరానికి తాగునీరు కూడా ఇచ్చాయి. వాటి ఎగువన పరిశ్రమలు రాకుండా 1996లో 111 జీవో వచ్చింది. జలాశయాల చుట్టూ 10 కిలోమీటర్ల మేర 84 గ్రామాలు దాని కిందికొచ్చాయి. 2022లో ప్రభుత్వం ఆ ఆంక్షలను సడలించింది. పూలు, ఆకుకూరలు, కూరగాయల తోటలు ఇక్కడ ఇన్నాళ్లు నిలవడంలో ఆ జీవో పాత్ర ఉందని నేను నమ్ముతాను. తోట ఉన్నంత మాత్రాన నీళ్లు శుభ్రంగా ఉంటాయని అనుకోకూడదు. చామంతి సాళ్ల మీద కొట్టినది వానకు కడుక్కుపోయి ఏ వాగు పడుతుందో చూస్తే, ఆ వాగు చివర హిమాయత్ సాగర్ ఉంది.

నేను రైతును ఇంకో మాట అడిగాను. నాలుగు సాళ్లకు మందు మానేయగలవా, ఆ నాలుగు సాళ్ల పువ్వుకు మార్కెట్ ధర నేనిస్తాను అని. ఆయన భార్య వైపు చూశాడు. ఆమె "ఇయ్యి, నాలుగు సాల్లకు ఏమైతది" అంది. అది మరుసటి ఏడు జూన్‌లో నారు పెట్టేటప్పటి మాటగా స్థిరపడింది.

ఆ నాలుగు సాళ్లను చెరువు గట్టు వైపు, మిగతా తోటకు గాలి వచ్చే దిక్కున పెట్టారు, పక్క సాళ్ల మందు తుంపర పడకుండా. పేనుబంక వచ్చింది. వేపనూనె కొట్టారు. దసరా దాటాక అక్షింతల పురుగులు కూడా వచ్చి పేనుబంకను తిన్నాయి. పూలు చిన్నవయ్యాయి, కొన్నిటికి రెక్కలు చిల్లులు. గుడిమల్కాపూర్‌లో వాటిని ఎవరూ ముట్టుకోరు. కప్పుకు ఆ చిల్లులతో పని లేదు.

ఎండబెట్టడం చైనాలో ఊరికో పద్ధతి. హువాంగ్‌షాన్ కొండల పువ్వును సెగ మీద ఆరబెడతారు, బోజౌ పువ్వును నీడకు వేలాడదీస్తారు, హాంగ్‌జౌ పువ్వును ఆవిరి పట్టి ఎండలో వేస్తారు. నేను ఆవిరి పద్ధతి ఎంచుకున్నాను, ఎందుకంటే దానికి కావలసిన పాత్ర ప్రతి తెలుగింట్లో ఉంది. ఇడ్లీ పాత్ర. గుంటల్లో పలచని గుడ్డ పరిచి, పూలను ముఖం పైకి ఉండేలా ఒక్క వరుసే పేర్చాలి. నీళ్లు మరిగాక మూడు నాలుగు నిమిషాలు చాలు. కోసిన వంకాయను గాలికి నల్లబరిచే ఎంజైములే చామంతి రెక్కనూ నల్లబరుస్తాయి. ఆవిరి వాటిని చంపుతుంది. తక్కువ పెడితే పువ్వు ఎండేసరికి గోధుమరంగుకు తిరుగుతుంది, ఎక్కువ పెడితే ముద్దవుతుంది. మొదటి విడత నాకు ముద్దయింది.

ఆ తర్వాత పాత నూలు చీర మీద, డాబా మీద. మొదటి రోజు కదిలించకూడదు, రెక్కలు ఊడతాయి. కార్తీకంలో దక్కను గాలి పొడిగా ఉంటుంది, ఆకాశం తేటగా ఉంటుంది. ఈ పనికి అంతకన్నా మంచి నెల లేదు. మూడు నాలుగు ఎండలకు రెక్క గలగలమంటుంది, కానీ దాన్ని చూసి మోసపోవద్దు. పువ్వు మధ్య బొడిపెను గోటితో నలిపితే పొడి రాలాలి. మెత్తగా ఉంటే లోపల తేమ ఉన్నట్టే, డబ్బాలో బూజు పడుతుంది. పచ్చిపువ్వులో ఎక్కువ భాగం నీరే కాబట్టి కిలోకు నూట యాభై గ్రాముల చిల్లర మిగిలింది. అంగడిలో కొనేటప్పుడు మరీ తెల్లగా మెరిసే పువ్వును అనుమానించండి. గంధకం పొగ పెట్టి తెల్లబరచడం పాత అలవాటు.

గ్లాసుకు ఐదారు పూలు, మరిగి దించిన నీళ్లు, మూత, ఐదు నిమిషాలు. అంతే. అదే పూలకు రెండోసారి, మూడోసారి నీళ్లు పోయొచ్చు. ఎర్ర రేగు వేసుకోవాలంటే అది రెక్కలా నానదు. తోలు మందం కాబట్టి నాలుగు గాట్లు పెట్టి పదిహేను నిమిషాలు మరిగించి, దించాక పువ్వు వేయాలి. చైనాలో చాలామంది ఇందులో పటికబెల్లం పలుకు వేసుకుంటారు.

ఒంటికి వయ్యారిభామ పడనివాళ్లు మాత్రం ఈ టీ దగ్గరికి రావద్దు. శంషాబాద్ చుట్టుపక్కల ప్రతి ఖాళీ ప్లాటులోనూ తెల్లగా పూసే ఆ కలుపు మొక్క చామంతికి దాయాది. దాని వల్ల చర్మం పగిలే మనుషుల్లో చాలామందికి చామంతి కూడా పడదు, రెండింట్లోనూ ఒకే తరహా చేదు పదార్థాలు ఉంటాయి. ఇంకా గట్టిగా చెప్పాల్సింది ఇంకొకటి ఉంది. పూల టీ అన్న మాట విని కనిపించిన పువ్వును నీళ్లలో వేయకండి. రోడ్ల మధ్య గులాబీ రంగులో పూసే గన్నేరు, గుడి దగ్గర పచ్చగన్నేరు గుండెను ఆపేసే విషాలు. ఉమ్మెత్త మతి తప్పిస్తుంది. పిల్లలున్న ఇళ్లలో ఈ మాట ముందు చెప్పి, తర్వాతే టీ సంగతి ఎత్తాలి.

ఆ ఏడు మార్గశిరంలో ఎండిన పూల డబ్బా పట్టుకుని తోటకు వెళ్లాను. గట్టు మీద మూడు రాళ్ల పొయ్యి వెలిగించి నీళ్లు కాచాం. స్టీలు గ్లాసుల్లో పూలు వేసి, మీద చిన్న పళ్లేలు మూత పెట్టాం. ఐదు నిమిషాలకు తీసి చూస్తే ఎండి ముడుచుకున్న పువ్వు నీళ్లలో మళ్లీ విచ్చుకుని తేలుతోంది, నీళ్లు లేత పసుపు. రైతు గ్లాసు చాలాసేపు చేత్తో తిప్పాడు, ఏళ్లుగా పెంచిన పువ్వును మొదటిసారి నోటికి తీసుకోబోతున్నాడు కదా. ఒక గుటక తాగి, "గడ్డివాసన లేదు, మంచిగనే ఉంది" అన్నాడు.

ఆమె తాగి ముఖం కొంచెం చిట్లించింది. ఏమీ అనకుండా లేచి లోపలికి పోయి, గుడి ప్రసాదం పొట్లం తెచ్చి విప్పి, అందులోంచి మూడు పటికబెల్లం పలుకులు ఏరి మూడు గ్లాసుల్లో వేసింది.